యూరప్‌లో బొలోనా ప్రక్రియ ఎందుకు మొదలైంది? అనుకున్నది సాధించిందా?

బొలోనా ప్రక్రియ అంటే యూరప్ దేశాల యూనివర్సిటీ చదువుల్ని ఒకదానితో ఒకటి పోల్చుకునేలా మార్చే సంస్కరణ. ఈ ప్రశ్నలతో పాటు “యూరప్‌లో ఒకచోట చదివిన క్రెడిట్లు అన్నిచోట్లా చెల్లుతాయట, నిజమేనా?” అని కూడా అడిగారు. ముందు దాని గురించే చెబుతాను. కాగితం మీద చెల్లుతాయి. గట్టిగా అడిగితేనే చేతికొస్తాయి.

జర్మనీలో మాస్టర్స్ చేస్తూ ఒక సెమిస్టర్ ఎరాస్మస్ (యూరప్ విద్యార్థుల మార్పిడి పథకం) కింద ఇటలీకి, అదీ ఈ సంస్కరణకు పేరిచ్చిన బొలోనా నగరానికే వెళ్లాను. నా సబ్జెక్టుకి అక్కడ పరీక్ష మొత్తం మౌఖికమే. మిగతావాళ్లు గదిలో కూర్చుని వింటుండగానే ఒక్కొక్కరినీ ముందుకు పిలుస్తారు. మార్కులు 30కి, 18 వస్తే పాస్. నాకంటే ముందు వెళ్లిన అమ్మాయికి ప్రొఫెసర్ 23 ఇస్తానన్నారు. ఆమె వద్దని చెప్పి, మళ్లీ వస్తానని బ్యాగు సర్దుకుని వెళ్లిపోయింది. ఆయన ఏమీ అనుకోలేదు. ఇచ్చిన మార్కు కాదనే అవకాశం అక్కడి విద్యార్థికి ఉంటుంది. ప్రాక్టికల్స్‌లో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు నోరు మెదపకుండా నిలబడి పెరిగిన మనకు ఇది నమ్మబుద్ధి కాదు. నాకు 26 అన్నారు, తీసుకుంటావా అని అడిగారు. తీసుకున్నాను.

అసలు టెన్షన్ జర్మనీకి తిరిగొచ్చాక మొదలైంది. అక్కడ ఏ సబ్జెక్టులు చదివితే ఇక్కడ లెక్కలోకి తీసుకుంటారో రాసి, వెళ్లేముందే అందరూ సంతకాలు పెట్టిన లెర్నింగ్ అగ్రిమెంట్ నా దగ్గరుంది. అయినా మా డిపార్ట్‌మెంట్‌లో ఒకాయన “సిలబస్‌లో రెండు అధ్యాయాలు తేడాగా ఉన్నాయి, క్రెడిట్లు ఇవ్వలేం” అన్నారు. ఒక దేశపు చదువుని ఇంకో దేశం గుర్తించడం గురించిన 1997 నాటి లిస్బన్ ఒప్పందం ప్రకారం చదువు సమానమని విద్యార్థి నిరూపించుకోనక్కర్లేదు. చెప్పుకోదగ్గ తేడా ఉందని చూపించాల్సింది యూనివర్సిటీయే. ఆ మాటే ఉత్తరంలో రాసి పరీక్షల కమిటీకి ఇచ్చాను. క్రెడిట్లు వచ్చాయి. జర్మనీలో 1 అంటే అత్యుత్తమం, 4 దాటితే ఫెయిల్. వాళ్ల లెక్కలో నా 26 కాస్తా 2.0 అయింది.

ఈ తలనొప్పి లేకుండా చేయడానికే కదా అంత పెద్ద సంస్కరణ! 1998లో ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, బ్రిటన్ మంత్రులు ప్యారిస్‌లోని సోర్బాన్ యూనివర్సిటీలో కూర్చుని మాట్లాడుకున్నారు. 1999 జూన్ 19న బొలోనాలో 29 దేశాలు సంతకం చేశాయి. బ్యాచిలర్, మాస్టర్స్ అంచెలు, క్రెడిట్ల పద్ధతి (ఏడాదికి 60 లెక్కన), ఒక దేశపు డిగ్రీని ఇంకో దేశంలో తేలిగ్గా పోల్చి చూడగలగడం, విద్యార్థులు స్వేచ్ఛగా తిరగగలగడం, బయటి దేశాల వాళ్లను ఆకర్షించడం, ఇవీ లక్ష్యాలు. అది చట్టం కాదు, ఎవరికి వారు ఒప్పుకున్న మాట. అందుకే ఒక్కో దేశం తనకు నచ్చినట్టు అమలు చేసింది. జర్మనీలో డిప్లోమ్ అనే పాత డిగ్రీ చాలావరకు పోయింది గానీ, న్యాయశాస్త్రం, వైద్యం ఇప్పటికీ ప్రధానంగా ప్రభుత్వ పరీక్షల పద్ధతిలోనే నడుస్తున్నాయి.

నాకు నిజంగా బాధ కలిగించేది ఇంకొకటి. ఒక్క క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. ఏడాదికి 1500 గంటల పైమాటే. పార్ట్‌టైమ్ పని చేసుకుంటూ చదివేవాళ్ల సంగతి ఈ లెక్క వేసినవాళ్లు ఆలోచించలేదని నా గట్టి నమ్మకం. 2009లో వియన్నాలో విద్యార్థులు యూనివర్సిటీ పెద్ద హాలునే ఆక్రమించుకున్నారు, జర్మనీలోనూ రోడ్డెక్కారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. చదువంటే గంటల లెక్క ఒక్కటే కాదు.

డిగ్రీలు పోల్చుకోగలగడం వరకూ బొలోనా గెలిచింది. ఒక ప్రొఫెసర్ ఇంకో దేశపు ప్రొఫెసర్‌ని నమ్మడం మాత్రం ఇంకా రాలేదు. మన కన్సల్టెన్సీలు “యూరప్ అంతా ఒకటే సిస్టమ్” అని చెబితే నమ్మకండి. భారత్ లిస్బన్ ఒప్పందంలో లేదు కూడా. బీటెక్ చేసి వెళ్లేవాళ్లు ప్రతి సబ్జెక్టు సిలబస్‌నీ, ఎన్ని గంటలు చెప్పారో ఆ వివరంతో సహా, కాలేజీ స్టాంపు వేయించుకుని దగ్గర పెట్టుకోండి. పాసైపోయాక అడిగితే ఆఫీసులో ఎన్నిసార్లు తిప్పుతారో మీకు తెలియనిది కాదు.