నల్లిని తినే నల్లపురుగు పేరు తేల్చేదెలా?

ప్రశ్న: మా గులాబీ మొక్కల ఆకుల అడుగున ఎర్రనల్లి (ఆకు రసం పీల్చే అతిచిన్న పురుగు) ఉన్నచోటల్లా ఆవగింజంత నల్లని పురుగులు తిరుగుతున్నాయి. మందు కొట్టబోతుంటే, అవి నల్లిని తినే అక్షింతల పురుగులేమోనని మా అబ్బాయి ఆపాడు. డి.ఎన్.ఎ. బార్‌కోడింగ్‌తో ఈ సంగతి తేలుతుందా?
– ఒక నర్సరీ రైతు, కడియం

జవాబు: మీ అబ్బాయి ఆపడం మంచిదయింది. అక్షింతల పురుగు అన్న పేరు మన వాడుకలో వంగ ఆకును గీకి జల్లెడ చేసే ఎపిలాక్నాకూ ఉంది, పేనుబంకను తిని పైరును కాపాడే మిత్ర పురుగుకూ ఉంది. కాబట్టి పేరు వినగానే మిత్రుడనో శత్రువనో నిర్ణయించుకోకూడదు.

మీరు చెప్పిన పరిమాణాన్ని, రంగును, అవి నల్లి గుంపులను విడవకపోవడాన్ని బట్టి అవి అక్షింతల పురుగుల్లోనే స్టెథోరస్ అనే ప్రజాతికి (దగ్గరి జాతుల సముదాయానికి) చెందినవై ఉండవచ్చు. ఈ పురుగులు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లకు మించి పెద్దగా పెరగవు; ఒంటి మీద చుక్కలకు బదులు సన్నని నూగు ఉంటుంది; రోజుకు పదుల కొద్దీ నల్లులను తింటాయి. దక్షిణ భారతంలో స్టెథోరస్ పాపర్‌క్యులస్ అనే జాతి చాలాకాలంగా తెలిసినదే. అయితే దగ్గరి జాతులు పైకి ఒకేలా కనిపిస్తాయి గనుక, మగపురుగు జననాంగాలను విడదీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే తప్ప నిపుణులు కూడా జాతిని ఖాయంగా చెప్పరు. గుడ్డో, పిల్లపురుగో మాత్రమే దొరికినప్పుడు ఆ దారి కూడా ఉండదు.

బార్‌కోడింగ్ అక్కరకు వచ్చేది అక్కడే. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హెబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించిన ఈ పద్ధతిలో, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా అనే భాగంలోని సి.ఓ.1 జన్యువు నుంచి సుమారు 658 డి.ఎన్.ఎ. అక్షరాల ముక్కను, డి.ఎన్.ఎ.కు నకళ్లు తీసే పి.సి.ఆర్. పద్ధతి ద్వారా అనేక ప్రతులుగా పెంచి, దానిలోని అక్షరాల వరుసను చదివి, పేరు తేలిన జీవుల వరుసలను దాచి ఉంచే బోల్డ్ వంటి కంప్యూటర్ భాండాగారంతో పోల్చి చూస్తారు. ఏ దశలోని పురుగుకైనా ఈ పరీక్ష పనికొస్తుంది.

నమూనా విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. పురుగు పొట్టలో నల్లి ఉంటుంది కదా, పరీక్షలో నల్లి డి.ఎన్.ఎ. కూడా పెరిగి ఫలితాన్ని తారుమారు చేయవచ్చు. అందుకని పురుగులను ఒకరోజు మేత లేకుండా ఉంచి, ఆ తరువాత 95 శాతానికి తగ్గని ఇథనాల్‌లో (ఒక రకం ఆల్కహాల్) వేయండి. ఫార్మలిన్ డి.ఎన్.ఎ.ను పాడుచేస్తుంది, వాడకండి. పురుగును నూరకుండా ద్రావణంలో నానబెట్టి డి.ఎన్.ఎ. తీయమని ప్రయోగశాల వారిని కోరండి. మిగిలిన దేహాన్ని నిపుణుడు పరిశీలించగలుగుతాడు. ఇది నేను పట్టుబట్టి చెప్పే మాట, ఎందుకంటే భాండాగారంలో ఒక పురుగును తప్పు పేరుతో చేర్చి ఉంటే, దానితో పోల్చిన మీ పురుగుకూ ఆ తప్పు పేరే అంటుకుంటుంది; దేహం మిగిలి ఉంటేనే నిపుణుడు ఆ తప్పును పట్టుకోగలడు.

సీసా మీద ఊరు, తేదీ, మొక్క పేరు రాసి, అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానంలో గాని, బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థలో గాని సంప్రదించండి. ఫలితం వచ్చేదాకా సింథటిక్ పైరెత్రాయిడ్ రకం పురుగుమందులు కొట్టకండి. అవి మిత్ర పురుగులను చంపి, నల్లి మరింత పెరగడానికి దారితీస్తాయి. ఈలోగా ఆకుల అడుగుకు తగిలేలా నీటిని గట్టిగా చిమ్మితే నల్లి కొంత తగ్గుతుంది. నల్లపురుగులు ఎక్కువగా ఉన్న కొమ్మలను మాత్రం వదిలివేయండి.