ఎపిడెమియాలజీలో పీహెచ్‌డీకి లెక్కలు ఎంత రావాలి?

"ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) అయిపోయింది. పబ్లిక్ హెల్త్‌లో ఎపిడెమియాలజీ (జబ్బులు జనంలో ఎవరికి, ఎందుకు వస్తాయో వెతికే శాస్త్రం) ప్రధానంగా పీహెచ్‌డీ చేయాలని ఉంది. కానీ లెక్కలు నాకు అంతంతమాత్రం. నెగ్గుకురాగలనా?" అని అడిగారు.

చేసి బయటపడ్డదాన్ని కాబట్టి చెబుతున్నాను, లెక్కల గురించి బెంగ పెట్టుకోకండి. లెక్కలు రాక ఈ పీహెచ్‌డీ మధ్యలో వదిలేసినవాళ్లు నాకైతే ఒక్కరూ తగల్లేదు. గైడుతో పడక మానేసినవాళ్లున్నారు. ఇస్తామన్న డేటా రెండేళ్లయినా చేతికి రాక మానేసినవాళ్లున్నారు. నాలుగో ఏడు వచ్చేసరికి అసలీ ప్రశ్న ఎందుకు పట్టుకున్నామో తమకే గుర్తులేక మానేసినవాళ్లూ ఉన్నారు. లాగరిథమ్ అంటే భయం పోయి, రిగ్రెషన్ (ఒకదానితో ఒకటి ఎంత ముడిపడి ఉందో లెక్కకట్టే పద్ధతి) పట్టికలో ఉన్నదాన్ని మామూలు మాటల్లో చెప్పగలిగితే చాలు. మిగతాది ఆర్, స్టేటా లాంటి గణాంకాల సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. చిక్కుపడితే పక్క గదిలో బయోస్టాటిస్టిక్స్ వాళ్లు ఉండనే ఉంటారు, వాళ్లతో సఖ్యంగా ఉండండి.

మీకు రాబోయే టెన్షన్ వేరే. మీరు చదివేది ఏంటో ఎవరికీ అర్థం కాదు. నేను చేరిన కొత్తలో బంధువుల్లో సగం మంది చర్మవైద్యం అనుకున్నారు. ఎపిడెర్మిస్ (చర్మం పై పొర) అన్న మాట ఎక్కడో విని ఉంటారు. ఒకాయన చేతి మీద మచ్చ చూపించి మందు రాయమన్నాడు. 2020 దాకా అదే తంతు. కొవిడ్ వచ్చాక రాత్రికి రాత్రి అందరూ ఎపిడెమియాలజిస్టులైపోయి, ఆర్ నాట్ (ఒక రోగి నుంచి సగటున ఎంతమందికి అంటుకుంటుందన్న అంకె) అంటే ఏంటో నాకే పాఠం చెప్పారు. రెండింట్లో ఏది నయమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

సరే, అసలు సంగతికొస్తాను. లెక్కలు కాకపోతే మరేం కావాలంటే, జనం ఇళ్ల గడప దగ్గర కనీసం పది రోజులు నిలబడి ఉండాలి. నా మట్టుకు ఇది చేయనివాళ్లకి డిగ్రీ ఇవ్వకూడదు. ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెబుతాను.

నా థీసిస్ తాగునీళ్ల మీద. ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లలో నీళ్లు కాచి తాగితే పిల్లలకి విరేచనాలు ఎంత తగ్గుతాయన్నది ప్రశ్న. ప్రశ్నపత్రం నేనే తయారుచేశాను. 14వ ప్రశ్న, "మీ ఇంట్లో తాగే నీళ్లు కాస్తారా?" 22వ ప్రశ్న, "గత రెండు వారాల్లో ఈ బిడ్డకి విరేచనాలు అయ్యాయా?" రెండు వారాలన్నది నా సొంత తెలివి కాదు. పెద్ద పెద్ద ఇంటింటి సర్వేల్లో అడిగేదీ అంతే, ఇంకా వెనక్కి వెళితే జనానికి సరిగ్గా గుర్తుండదని. ఇళ్లకి వెళ్లి అడగడానికి ఐదుగురు ఫీల్డ్ వర్కర్లు. నేను మాత్రం కంప్యూటర్ ముందు.

డేటా వచ్చింది, రిగ్రెషన్ మోడల్ వేశాను. నీళ్లు కాచే ఇళ్లలోనే విరేచనాలు ఎక్కువ! కాస్తో కూస్తో కాదు, దాదాపు ఒకటిన్నర రెట్లు. అసలు సంబంధమే లేకపోతే ఇలాంటి ఫలితం వచ్చే అవకాశం ఎంతో చెప్పే పీ విలువ చూస్తే అన్నీ సున్నాలే. ఈ తేడాకి వేరే కారణం ఉందేమోనని తల్లి చదువు, ఇంటి ఆదాయం, మరుగుదొడ్డి, బిడ్డ వయసు, గుర్తొచ్చినవన్నీ మోడల్లో పడేశాను. ఆ ఒకటిన్నర కదల్లేదు.

బుద్ధి ఉన్నవాళ్లకి ఇక్కడ అనుమానం రావాలి. నాకు సంతోషం వచ్చింది. కాచిన నీళ్లు మూతలేని గిన్నెల్లో పోస్తారు, వాటిలో చేతులు ముంచుతారు, కాబట్టి మళ్లీ కలుషితమవుతాయి అని ఒక సిద్ధాంతం కూడా అల్లాను. అది ఒట్టి అబద్ధమూ కాదు, నిల్వలో నీళ్లు తిరిగి పాడవడం తెలిసిన సంగతే. అందుకే అంత నమ్మబుద్ధేసింది. ఏడు నెలలు ఆ అధ్యాయమే రాశాను. ఒక సదస్సుకి సారాంశం పంపాను. గైడుకి చూపిస్తే "ఆసక్తికరంగా ఉంది" అన్నారు. గైడు ఆ మాటంటే చదవలేదని అర్థం, రాసిపెట్టుకోండి.

ఆ మూతలేని గిన్నెల ఫొటోలు తీసుకుందామని మొదటిసారి ఫీల్డుకి వెళ్లాను. డేటా అంతా చేతికొచ్చాక మొదటిసారి! నాతో వచ్చినావిడ మా ఫీల్డ్ వర్కర్లందరిలో పెద్దది, యాభై దాటి ఉంటాయి. మూడో ఇంట్లో పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. నాకు హుషారొచ్చి ఫోన్ తీశాను. పక్కనే మంచం మీద బిడ్డ. కళ్లు లోపలికి పోయాయి, పెదాలు ఎండిపోయాయి. నాలుగు రోజుల నుంచి విరేచనాలట.

"నీళ్లు రోజూ కాస్తావా అమ్మా?" అని అడిగాను.

ఆ తల్లి నన్ను వింతగా చూసింది. "రోజూ ఎందుకు కాస్తాం? వీడికిట్లా అయిందనే కదా కాస్తున్నా."

నేనింకా ఆ మాట దగ్గరే ఉన్నాను. నాతో వచ్చినావిడ సంచిలోంచి ఓఆర్ఎస్ పొట్లం తీసి, కలిపి, చెంచాతో పట్టించడం చూపించి, బిడ్డని ఆరోగ్య కేంద్రానికి పంపే ఏర్పాటు కూడా చేసేశారు. ఫోన్ లోపల పెట్టేసి బయటికొచ్చాను.

"మిగతా ఇళ్లలో కూడా ఇంతేనా?"

"చాలా ఇళ్లలో ఇంతే మేడమ్. పిల్లలకి బాగాలేకపోతే కాస్తారు, తగ్గాక మానేస్తారు. మా అందరికీ తెలిసిందేగా."

"మరి నాకు చెప్పలేదేం?"

"కాస్తారా లేదా అని అడగమన్నారు. ఎప్పట్నుంచి అని అడగమనలేదు కదా."

రోగం వచ్చింది కాబట్టి వాళ్లు నీళ్లు కాచారు. నీళ్లు కాచారు కాబట్టి రోగం వచ్చిందని నేను ఏడు నెలలు రాశాను. దీన్ని రివర్స్ కాజేషన్ అంటారు, మొదటి సెమిస్టర్లోనే చెబుతారు. ఒక సంబంధాన్ని కారణం అనేముందు చూసుకోవలసిన తొమ్మిది అంశాలు బ్రిటిష్ గణాంకవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1965లో చెప్పాడు. పరీక్షలో ఆ తొమ్మిదీ వరస తప్పకుండా రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. అందులో నాలుగోది కాలక్రమం. కారణం ముందుండాలి, ఫలితం తర్వాత రావాలి. మిగతా ఎనిమిదింటిలో ఏది తక్కువైనా వాదించుకోవచ్చు, ఇది లేకపోతే వాదనే లేదు. అది నా ఎదురుగా పొయ్యి మీద మరుగుతుంటే గుర్తుపట్టలేకపోయాను.

ఇలా చెబితే చాలామంది, "సర్వేలో అదనంగా ఒక ప్రశ్న వేస్తే సరిపోయేది కదా" అంటారు. ఆ ప్రశ్న వేయాలని తోచాలంటే ఆ ఇంట్లో నిలబడాలి, అదే నేను చెప్పేది.

కలరా నీళ్ల వల్ల వస్తుందని చూపించిన లండన్ డాక్టర్ జాన్ స్నో పేరెత్తగానే అందరూ 1854, బ్రాడ్ స్ట్రీట్, మ్యాపు మీద చుక్కలు, పంపు పిడి ఊడదీయించడం, ఇదే కథ చెబుతారు. నాకు ఒళ్లు మండుతుంది. సెప్టెంబర్ 8న పిడి తీసేనాటికే కలరా తగ్గుముఖం పట్టింది, చాలామంది ఆ పేట వదిలి పారిపోయారు. ఆ మాట స్నోయే ఒప్పుకున్నాడు. ఆయన అసలు ప్రతాపం అదే ఏడు దక్షిణ లండన్‌లో చూపించాడు. అక్కడ ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లకి రెండు వేరు వేరు కంపెనీల నీళ్లు వచ్చేవి. సౌత్‌వార్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ నగరపు మురుగు కలిసిన చోట థేమ్స్ నీళ్లు తోడేది. లాంబెత్ కంపెనీ 1852లోనే నది ఎగువకి మారిపోయింది. కలరా చావు జరిగిన ఇళ్లకి వెళ్లి మీవి ఏ కంపెనీ నీళ్లని అడిగితే చాలామందికి తెలియదు, ఎందుకంటే నీళ్ల డబ్బు కట్టేది ఇంటి యజమాని. నేనైతే 'తెలియదు' గడిలో టిక్కు పెట్టుకుని పక్కింటికి పోయేదాన్ని. స్నో ఆ ఇంటి నీళ్లు సీసాలో పట్టుకెళ్లి సిల్వర్ నైట్రేట్ వేసి చూశాడు. ఉప్పు ఎక్కువగా తేలితే మొదటి కంపెనీ, తక్కువైతే రెండోది. మొదటి ఏడు వారాల లెక్కలో ప్రతి 10,000 ఇళ్లకి మొదటి కంపెనీ వైపు 315 చావులు, లాంబెత్ వైపు 37. దీనికి కావలసిన గణితం భాగహారం. మీకు భాగహారం వచ్చు కదా?

వెక్కిరించడానికి అనడం లేదు. లెక్కలు ఎక్కువ వచ్చినవాళ్లకే ఇక్కడ ప్రమాదం ఎక్కువ అని కూడా అంటాను. అన్నిటినీ మోడల్లో వేసేస్తే నిజం దానంతటదే బయటికొస్తుందనుకుంటారు. పొగతాగే తల్లులకి తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్ని, తాగని తల్లులకి తక్కువ బరువుతో పుట్టిన పిల్లలతో పోలిస్తే, పొగతాగే తల్లుల పిల్లలే ఎక్కువ బతుకుతున్నట్టు కనిపిస్తుంది. యెరుషల్మీ అనే గణాంకవేత్త 1971లో దీని మీద రాశాడు. అలాగని గర్భిణులు పొగతాగాలా? పొగ వల్ల కాకుండా బరువు తగ్గిన బిడ్డకి అంతకన్నా పెద్ద జబ్బేదో ఉండే అవకాశం ఎక్కువ, అందుకే ఆ తేడా. బరువుని అలా మధ్యలో పెట్టి పోల్చకూడదని ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. కాగితం మీద బాణాలు గీసుకుని, దేని తర్వాత ఏది వస్తుందో మనమే ఆలోచించాలి.

మళ్లీ నా గోలకే వస్తే, పని మొదటి నుంచి చేశాను. బిడ్డ బాగున్నప్పుడే నీళ్ల సంగతి రాసుకుని, తర్వాత రెండు వారాలకోసారి వెళ్లి అడగడం. అదనంగా పద్నాలుగు నెలలు పట్టింది. ఆ ఒకటిన్నర రెట్లు ఎటో పోయింది. మిగిలింది అటో ఇటో తేలని ఒక వెడల్పాటి కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు విలువ ఉండొచ్చనుకునే హద్దులు). మూడు జర్నళ్లు తిప్పి పంపాయి, నాలుగోది వేసుకుంది. తప్పు ఫలితాన్ని మాత్రం సదస్సువాళ్లు చప్పట్లు కొట్టి పిలిచారు, నేనే వెనక్కి తీసుకున్నాను. ఈ రంగం మీద నాకున్న కోపాల్లో ఇదొకటి.

ఎథిక్స్ కమిటీని కూడా తిట్టాలనే అనుకున్నాను. పేజీ నంబర్లు లేవని ఒకసారి దరఖాస్తు వెనక్కి పంపి ఆరు వారాలు తిన్నారు. కానీ రెండోసారి, "ఇంట్లో జబ్బుగా ఉన్న బిడ్డ కనిపిస్తే మీవాళ్లు ఏం చేస్తారు?" అని అడిగారు. ఆ ఫీల్డ్ వర్కరావిడ సంచిలోకి ఓఆర్ఎస్ పొట్లాలు వచ్చింది ఆ ప్రశ్న వల్లే. కాబట్టి తిట్టను.

ఎన్నేళ్లు పడుతుందని మీరు అడగలేదు, నేనే చెబుతాను. అమెరికా పద్ధతిలో మొదట రెండేళ్ల దాకా క్లాసులు, తర్వాత క్వాలిఫైయింగ్ పరీక్ష, ఆ తర్వాతే థీసిస్. బ్రిటన్ పద్ధతిలో చేరిన నాటి నుంచే పరిశోధన, అందుకే కాస్త త్వరగా అవుతుంది. ఎక్కడైనా సరే వాళ్లు చెప్పినదానికి ఒక ఏడాది కలుపుకోండి. గైడుని ఎంచుకునేటప్పుడు ఎన్ని పేపర్లు వేశారని కాకుండా, మీరు ఆఖరుసారి ఫీల్డుకి ఎప్పుడు వెళ్లారని అడగండి. నేను ఈ ప్రశ్న ముగ్గురిని అడిగాను. ఇద్దరు కాఫీ తాగుదామా అన్నారు.

డిగ్రీ వచ్చాక థీసిస్ కాపీ ఒకటి ఆ ఫీల్డ్ వర్కరావిడకి ఇచ్చాను. కృతజ్ఞతల పేజీలో మొదటి పేరు ఆవిడదే. అది చూసి తలూపి, పేజీలు తిప్పుకుంటూ వెనకాల అనుబంధంలో ఉన్న కొత్త ప్రశ్నపత్రం దగ్గర ఆగారు. కాసేపు చదివి, "14వ ప్రశ్న ఇంకా కుదరలేదు మేడమ్," అన్నారు.