చూసినవాళ్లు లేకపోతే హత్య కేసు నిలబడదా?

ప్రశ్న: నెల రోజుల క్రితం మా చిన్నాన్న శవం ఊరి బయట కాలువ గట్టున దొరికింది. ఆయన దగ్గర అప్పు తీసుకున్న ఒకతన్ని పోలీసులు అరెస్టు చేశారు. ఆ రాత్రి ఇద్దరూ ఒకే బండి మీద వెళ్లడం టీ కొట్టు ఆయన చూశాడు. అతను చూపించిన చోట కొడవలి దొరికిందట. అతని చొక్కా ల్యాబ్‌కి పంపారు. కానీ చంపుతుండగా చూసినవాళ్లు లేరు కాబట్టి కేసు కొట్టేస్తారని ఊళ్లో అంటున్నారు. పిన్నికి అదే టెన్షన్. "బాకీ ఇస్తానన్నాడు, వెళ్లొస్తా" అని చెప్పి వెళ్లిన మనిషి తిరిగి రాలేదని ఏడుస్తోంది. శిక్ష పడే అవకాశం ఉందా?

జవాబు: ఉంది. కళ్లారా చూసిన సాక్షి ఉండి తీరాలని చట్టంలో ఎక్కడా లేదు. మీరు మామూలుగా రాసేసిన పిన్నిగారి మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఆ మాట ఆమె పోలీసు స్టేట్‌మెంట్‌లో ఉందో లేదో ముందు కనుక్కోండి.

ఎందుకంటే ఇలాంటి కేసే 1937లో జరిగింది. పిఠాపురం దివాన్ దగ్గర ప్యూన్‌గా పనిచేసిన ఒకతను, తనకు రావాల్సిన బాకీ తీసుకోవడానికి బరంపురం వెళుతున్నానని భార్యకు చెప్పి బయల్దేరాడు. రెండు రోజులకు పూరీ స్టేషన్లో, రైలు మూడో తరగతి పెట్టెలో ఉన్న ట్రంకులో అతని శవం ముక్కలుగా దొరికింది. హత్యను చూసినవాళ్లు లేరు. కేసు అప్పట్లో మనకు చివరి అప్పీలు కోర్టైన లండన్లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. చనిపోయిన మనిషి భార్యతో అన్న ఆ మాట, అతని చావుకు దారితీసిన పరిస్థితుల్లో భాగమే కాబట్టి సాక్ష్యంగా పనికొస్తుందని 1939లో తీర్పు వచ్చింది. పకాల నారాయణస్వామి కేసుగా లాయర్లందరికీ తెలిసినదే. అప్పటి సూత్రమే ఇప్పుడు, పాత ఎవిడెన్స్ చట్టం బదులు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 26వ సెక్షన్లో ఉంది.

అయితే ఆమె విన్నది విన్నట్టే చెప్పాలి. పోలీసులకు చెప్పని మాట కోర్టులో కొత్తగా వస్తే, క్రాస్ ఎగ్జామినేషన్లో ముద్దాయి తరఫు లాయరు దాన్నే పట్టుకుంటాడు.

కొడవలి సంగతికొస్తే, "నేనే నరికాను" అని పోలీసులకు చెప్పింది కోర్టులో చెల్లదు. "ఫలానా చోట దాచాను" అన్న భాగం, ఆ ప్రకారం వస్తువు దొరికితేనే చెల్లుతుంది. ఈ గీత గీసింది కూడా మన గుంటూరు నుంచి ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లిన పులుకూరి కోటయ్య కేసులోనే, 1946లో. కొడవలి ఎవరైనా వెళ్లగలిగే బహిరంగ స్థలంలో దొరికిందా, పంచనామాలో సాక్షులుగా సంతకం పెట్టే మధ్యవర్తులు నిజంగా అక్కడ ఉన్నారా అన్నవి కూడా చూస్తారు. స్టేషన్లో కూర్చుని సంతకాలు పెట్టామని మధ్యవర్తులు తర్వాత చెబితే ఆ రికవరీ పోయినట్టే.

టీ కొట్టు ఆయన సాక్ష్యాన్ని కోర్టుల్లో లాస్ట్ సీన్ అంటారు, అంటే చివరిసారి ఇద్దరూ కలిసి కనిపించారని చెప్పే సాక్ష్యం. ఇద్దరినీ చూసిన సమయానికీ, పోస్ట్‌మార్టం ప్రకారం ప్రాణం పోయిన సమయానికీ మధ్య ఎడం ఎంత తక్కువైతే అంత బలం. మధ్యలో వేరేవాళ్లు వచ్చి ఉండే వీలుంటే దాని మీద ఒక్కదాని మీదే శిక్ష వేయరు.

ఇక ల్యాబ్. ఎఫ్‌ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు వస్తే కేసు గెలిచినట్టేనని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం రిపోర్టు కంటే చొక్కా వెళ్లిన దారి మీదే భయం. తడి మరకను ఆరబెట్టి కాగితపు కవరులో పెట్టారా, సీలు ఎవరు వేశారు, ల్యాబ్‌కి చేరేదాకా స్టేషన్లో ఎన్నాళ్లుంది? ఒక అమ్మాయిపై అత్యాచారం చేసి చంపిన ఢిల్లీ ఛావలా కేసులో కింది కోర్టు, హైకోర్టు రెండూ ఉరిశిక్ష వేసిన ముగ్గురిని సుప్రీంకోర్టు 2022లో విడిచిపెట్టింది. డీఎన్ఏ నమూనాలు దాదాపు రెండు వారాలు పోలీసు మాల్ఖానాలోనే (స్టేషన్ సామాన్ల గదిలోనే) ఉండిపోవడం అందులో ఒక ముఖ్య కారణం. ఆ అమ్మాయి తల్లిదండ్రుల గురించి తలచుకున్నప్పుడల్లా బాధేస్తుంది.

ఇవన్నీ గొలుసులా కలవాలి. 1984లో శరద్ శార్దా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే: ప్రతి పరిస్థితీ విడిగా రుజువు కావాలి, అన్నీ కలిపి చూస్తే ఇతను తప్ప ఇంకొకరు చేసే అవకాశం ఉండకూడదు. "చేసి ఉండవచ్చు" అన్నది చాలదు, "ఇతనే చేశాడు" అని తేలాలి. అనుమానం ఎంత గట్టిదైనా రుజువు కిందకు రాదు. పట్టుకున్నవాడు అసలు నేరస్థుడు కాకపోతే మీకు జరిగేదీ అన్యాయమే. కాబట్టి ఈ కొలత మీ మంచికే.

2024 జూలై 1 తర్వాతి నేరం కాబట్టి కొత్త చట్టాలే వర్తిస్తాయి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు పోలీసులు తెలియజేయాలి. ముద్దాయి రిమాండులో ఉంటే 90 రోజుల్లో ఛార్జిషీటు కూడా పడాలి, లేకపోతే అతనికి బెయిలు హక్కుగా వస్తుంది. విచారణ మొదలయ్యాక పీపీగారికి (ప్రభుత్వ లాయరుకు) సాయంగా మీ తరఫున లాయరును పెట్టుకోవడానికి కోర్టు అనుమతి అడగవచ్చు.

అన్నిటికంటే తొందర పడాల్సింది కెమెరాల విషయంలో. ఆ దారిలో షాపుల ముందు, పెట్రోలు బంకులో సీసీ కెమెరాలుంటే పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కిపోతుంది. ఇప్పటికే నెల గడిచింది. ఎక్కడెక్కడ ఉన్నాయో రాసి సీఐగారికి అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. మీరే ఫోన్లోకి కాపీ చేసుకుని ఊరుకోకండి, ఎలక్ట్రానిక్ రికార్డు సరైనదేనని సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఇచ్చే సర్టిఫికెట్ లేకుండా ఆ కాపీ కోర్టులో నిలబడదు. చిన్నాన్న ఫోను ఇంకా మీ దగ్గరే ఉంటే దాన్ని తెరవకుండా, పంచనామా రాయించి పోలీసులకు అప్పగించండి.