రెండో రాత్రి గురించి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ కథ పోయిన వారం అందింది. రెండుసార్లు చదివాను. న్యూజెర్సీలో నీతో పాటు హైస్కూల్లో చదివిన యూదుల అమ్మాయి పదహారేళ్లప్పుడు ఒక సెమిస్టర్ చదువుకి తనవాళ్ల బృందంతో ఇజ్రాయెల్ వెళ్లడం, మధ్యలో పెసాహ్ (ఈజిప్టు బానిసత్వం నుంచి బయటపడిన గుర్తుగా, పులిసినవి తినకుండా చేసుకునే పండుగ) సెలవులు రావడం, అమ్మానాన్నలు వచ్చిన పిల్లలు వాళ్లతో వెళ్లిపోతే మిగిలిన నలుగురిలో తనూ ఒకతై జెరూసలేంలో ఎవరింట్లోనో పండుగ చేసుకోవడం. ఆమె చెప్పిందంతా నువ్వు ఎంత శ్రద్ధగా విన్నావో ప్రతి పేజీలోనూ తెలుస్తోంది. వినడం వచ్చినవాళ్లకి రాయడం వస్తుందని నా నమ్మకం. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

తొమ్మిదో పేజీలో ఒక వాక్యం ఉంది. "ఆదివారం పొద్దున్న అందరూ ఎయిన్ గెదీకి బస్సెక్కారు, తను వెళ్లలేదు." ఎయిన్ గెదీ అంటే మృత సముద్రం ఒడ్డున ఉన్న విహారస్థలం. తర్వాతి పేరాలో వాళ్లు తిరిగొచ్చేశారు. నేను అక్కడే ఆగిపోయాను. ఎందుకు వెళ్లలేదు? ఆమె నీకు చెప్పే ఉంటుంది. నువ్వది చిన్న విషయం అనుకుని దాటేశావు. నీ కథంతా ఆ వాక్యంలోనే ఉందమ్మా.

పూర్వం నెలవంక కనబడ్డాక జెరూసలేంలో నెల మొదలైందని చాటేవాళ్లు. దూరదేశాల్లో ఉన్నవాళ్లకి ఆ కబురు వేళకి అందేది కాదు. పండుగ ఏ రోజో తేలక వాళ్లు రెండు రోజులు చేసుకునేవాళ్లు. తర్వాత లెక్క కట్టిన పంచాంగం వచ్చి అనుమానం పోయింది, రెండో రోజు మాత్రం ఉండిపోయింది. అందుకే ఇజ్రాయెల్‌లో పెసాహ్ ఏడు రోజులు, పండుగ మొదట్లో చేసే సేదెర్ భోజనం ఒక్క రాత్రి. బయటి దేశాల్లో సంప్రదాయం పాటించే ఇళ్లలో ఎనిమిది రోజులు, రెండు రాత్రులు. మరి నాలుగు నెలల చదువుకి వచ్చిన పిల్ల ఏ లెక్కలోకి వస్తుంది? తిరిగి వెళ్లిపోయేదే కాబట్టి రెండు రోజులూ పాటించాలంటారు కొందరు రబ్బీలు, అంటే యూదు మతగురువులు. ఉన్నచోటి పద్ధతి చాలు, ఒక్కరోజే అనేవాళ్లూ ఉన్నారు. ఒకటిన్నర రోజు అనేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల లెక్కలో రెండో రోజు పండుగ ప్రార్థన ఉండదు, అలాగని బస్సెక్కడం, లైటు వేయడం లాంటి పండుగ రోజు చేయకూడని పనులూ చేయకూడదు.

ఉగాది ఇండియాలో ఒకరోజు, మీ ఊరి గుళ్లో ముందురోజు రావడం నువ్వు చూసే ఉంటావు. మనకి అది సూర్యోదయంతో, తిథితో తేలిపోతుంది. ఆ పిల్లని మాత్రం పంచాంగం నువ్వు ఎక్కడిదానివి అని అడుగుతోంది. పదహారేళ్ల వయసులో, ఇంటికి ఇన్నివేల మైళ్ల దూరంలో, ఆ ప్రశ్నకి బస్సెక్కో ఎక్కకుండానో జవాబు చెప్పాలి.

నీ కథలో సంవత్సరం లేదు. వయసు లెక్కవేస్తే అది 2022 అయి ఉండాలి. తేల్చుకో, ఎందుకంటే అన్నీ దాన్నిబట్టే మారతాయి. 2020లో అయితే కరోనా వల్ల సేదెర్ రాత్రి దేశమంతా లాక్‌డౌన్. 2024లో అయితే గాజాలో బందీలుగా ఉన్నవాళ్ల కోసం ఎన్నో ఇళ్లలో ఒక ఖాళీ కుర్చీ వేశారు. 2022లో సేదెర్ ఏప్రిల్ 15, శుక్రవారం రాత్రి. అదే రోజు గుడ్ ఫ్రైడే, అదే రోజు రంజాన్ శుక్రవారం. ఆ తెల్లవారుజామున పాత నగరంలోని అల్-అక్సా మసీదు ఆవరణలో పోలీసులకీ పాలస్తీనీయులకీ ఘర్షణ జరిగింది, 150 మందికి పైగా పాలస్తీనీయులు గాయపడ్డారు. నీ కథలో ఆ శుక్రవారం జెరూసలేం ప్రశాంతంగా, ఎండగా ఉంది. ఆ పిల్లకి ఎంత తెలిసిందో అంతే రాయి, సరే. పెద్దవాళ్లు పాత నగరం వైపు వెళ్లొద్దని ఉంటారు, ఫోన్లో అమ్మకి టెన్షన్ పట్టుకుని ఉంటుంది. ఆ కాస్తయినా రావాలి. రాకపోతే అది జెరూసలేం కాదు, క్యాలెండర్ మీద బొమ్మ.

రొట్టె గురించి కూడా ఒక మాట. సూపర్‌మార్కెట్లో బ్రెడ్డు అరలకి తెల్ల ప్లాస్టిక్ కప్పారని రాశావు, బాగుంది. దాని వెనక 1986 నాటి చట్టం ఉంది, పండుగ రోజుల్లో పులిసిన పదార్థాలు అమ్మకానికి బయట పెట్టకూడదని. 2022లోనే ఆ రొట్టెని ఆసుపత్రుల్లోకి రానివ్వాలా వద్దా అన్న తగాదా మీద ఏప్రిల్ 6న ఒక పార్లమెంటు సభ్యురాలు పాలక కూటమి నుంచి బయటికి వచ్చి, ప్రభుత్వం పార్లమెంటులో మెజారిటీ పోగొట్టుకుంది. ఇదంతా కథలో పెట్టమని కాదు. ఆ ప్లాస్టిక్ కవరు ఎంత బరువైనదో నీకు తెలిసి ఉంటే, దాన్ని చూసే ఆ పిల్ల చూపు వేరుగా వస్తుంది.

పండుగ ముందు ఇంట్లో మిగిలిన హమేత్స్, అంటే పులిసిన పిండివంటలు, రొట్టెముక్కలు, కాల్చడాన్ని "అచ్చం మన భోగిమంటలా" అన్నావు. ఆ పోలిక తీసెయ్. పాత చీపుర్లు, విరిగిన కుర్చీలు మంటలో వేసి చలి కాచుకోవడం వేరు. ముందురోజు రాత్రి ఇంటిపెద్ద కొవ్వొత్తి, ఈక, చెక్క గరిటె పట్టుకుని మూలమూలా వెతకడం వేరు. వెతుకులాట వృథా కాకూడదని ఇంట్లోవాళ్లే పది రొట్టెముక్కలు దాచిపెడతారు. దొరుకుతుందని తెలిసిన దాన్ని వెతకడంలో పిల్లలకి ఉండే సంతోషం చూడు, భోగిమంట అనగానే అది మాయమైంది. చదివేవాడికి అర్థం కాదేమోనన్న భయంతో మనం పోలికలు తెస్తాం. అర్థమవుతుంది, నమ్ము.

అన్నం సంగతి మాత్రం నువ్వు అద్భుతంగా పట్టుకున్నావు. ఆతిథ్యమిచ్చిన కుటుంబం బాగ్దాద్ మూలాలవాళ్లు, పండుగకి అన్నం వండుతారు. తూర్పు యూరప్ మూలాలున్న ఈ పిల్ల ఇంట్లో ఆ వారం బియ్యం, పప్పులు ముట్టరు. ఇంటి పెద్దావిడ బియ్యంలో గోధుమ గింజ ఒక్కటైనా ఉండకూడదని మూడుసార్లు ఏరి, కడిగి, వండి వడ్డిస్తే ఈ పిల్ల పళ్లెం వైపు చూస్తూ ఉండిపోయింది. బియ్యం ఏరడం మన చేతులకి తెలుసు. అక్కడ నువ్వు ఏ పోలికా తేలేదు, అవసరమూ లేకపోయింది. ఆ పేజీ ముట్టుకోకు.

ఇక మిగతా పేజీల్లో సేదెర్ పళ్లెంలో ఏమేం ఉంటాయి, ఉప్పునీళ్లు ఎందుకు, నాలుగు గ్లాసుల వైన్ ఎందుకు, మత్సా, అంటే పులియని రొట్టె, పద్దెనిమిది నిమిషాల్లో ఎందుకు కాల్చాలి అని వరసగా చెప్పుకొచ్చావు. నేనూ ఇదే తప్పు చేశాను. చాలా ఏళ్ల కిందట మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు పక్కింటివాళ్లు సేదెర్‌కి పిలిచారు. తిరిగొచ్చి ఒక పత్రికకి వ్యాసం రాశాను, పళ్లెంలో ఉన్నవన్నీ ఒక్కటీ వదలకుండా. ఆ ఇంటి ముసలావిడ ముందు పెట్టుకున్న హగ్గదా, ఆ రాత్రి చదివే పుస్తకం, పేజీల మీద వైన్ మరకలు ఉన్నాయి. ఏ మరక ఎవరిదో ఆవిడ వేలు పెట్టి నాకు చూపించింది. ఇది మా ఆయనది, ఇది పెద్దబ్బాయి నాలుగేళ్లప్పుడు ఒలకబోసింది అని. ఆ మరకలు నా వ్యాసంలో లేవు. ఆవిడ పోయిందని తర్వాత తెలిసింది. ఇప్పటికీ నన్ను బాధపెట్టే వ్యాసం అదొక్కటే.

మాటల సంగతి. మన బైబిల్లో ఇది పస్కా, పొంగని రొట్టెలు, చేదుకూరలు. చర్చికి వెళ్లే పాఠకులకి ఆ మాట వినగానే సిలువ గుర్తొస్తుంది, అది వాళ్ల విశ్వాసం. నీ కథలో పిల్ల మాత్రం పెసాహ్ అనే అంటుంది, అలాగే ఉంచు. ఎలాగూ ఎండాకాలం సెలవులకి గుంటూరు వస్తున్నావుగా, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రయీం అనే తెలుగు యూదు సమాజం ఉంది. ఒకరోజు వెళ్లు. వాళ్లు ఈ పండుగని తెలుగులో ఏ మాటలతో చెప్పుకుంటారో విను. నిఘంటువులో వెతకడం కన్నా అది మంచిది.

మళ్లీ ఆ రెండో రాత్రికి వస్తాను. శనివారం చీకటిపడింది. ఆ ఇంట్లో శబ్బాత్ (వారానికోసారి వచ్చే విశ్రాంతి రోజు), పండుగ రోజు రెండూ ఒకేసారి ముగిశాయి. వాళ్లు ఫోన్లు తీశారు, మర్నాటి సంగతులు మాట్లాడుకుంటున్నారు, గిన్నెలు కడుగుతున్నారు. సరిగ్గా అదే నిమిషంలో ఈ పిల్లకి రెండో పండుగ రాత్రి మొదలవుతుంది. అదే ఇల్లు, అదే బల్ల, ఇద్దరికి రెండు తేదీలు. అలవాటుగా ఎవరైనా వంటింటి లైటు ఆర్పేసి వెళ్లిపోతే ఆమె మళ్లీ వేసుకోకూడదు.

సేదెర్‌లో "ఈ రాత్రికి మిగతా రాత్రులతో తేడా ఏమిటి" అంటూ నాలుగు ప్రశ్నలు అడగడం ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ల వంతు. నీ స్నేహితురాలు వాళ్లింట్లో ఆఖరిదని మూడో పేజీలో రాశావు. అంటే ఎన్నో ఏళ్లుగా ఆ ప్రశ్నలు ఆమెవే. ఈ ఏడు న్యూజెర్సీలో ఎవరు అడుగుతారు? అడగడానికి పిల్లలు లేకపోతే భార్య అడగాలని, ఒక్కడే ఉంటే తనని తానే అడగాలని యూదుల ధర్మగ్రంథం తాల్మూద్ చెబుతుంది. ప్రశ్న లేకుండా ఆ రాత్రి జరగడానికి వీల్లేదు. ఇక్కడ ఈమె ఒక్కతే బల్ల దగ్గర కూర్చుంది. అక్కడ ఏడు గంటల వెనక, మధ్యాహ్నపు ఎండలో, వాళ్లమ్మ రాత్రి కోసం ఎదురుచూస్తోంది.

ఆమెకి మళ్లీ ఫోన్ చెయ్యి. పండుగ ఎలా జరిగిందని అడగకు. ఏ గదిలో కూర్చున్నావు, ఎంతసేపు, ప్రశ్నలు పైకి చదివావా, లోలోపలా, ఇంట్లోవాళ్లకి వినబడిందా, ఎవరైనా వచ్చి పక్కన కూర్చున్నారా అని అడుగు. చెప్పడానికి ఇష్టపడకపోతే ఒత్తిడి చేయకు, కథ అక్కడితో ఆపెయ్. చెబితే మాత్రం పళ్లెం పేజీలన్నీ తీసేసి ఆ గదిలో కూర్చుని రాయి. ఆమెకి చూపించాకే నాకు పంపు.

నేను దసరా దాకా ఇంట్లోనే ఉంటాను. ఊరొచ్చినప్పుడు ఫోన్ చేసి రా, మీ అత్తయ్య పులిహోర చేస్తానంటోంది.

ఉంటాను.