పైపు మూతి కాల్చేముందు

అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బోరు దగ్గరి 63 పీవీసీ పైపు (బయటి వెడల్పు 63 మిల్లీమీటర్లు) మూతి కాల్చి, వెడల్పు చేసి, 75 లైను మీదికి తొడిగేద్దామనుకుంటున్నానన్నావు. రెండు సైజుల పైపుల్ని కలిపే రెడ్యూసర్ కోసం టౌనుకు వెళ్లడానికి బద్ధకం, అంతేగా! ముందు లెక్క చూడు. 63 పైపు లోపలి వెడల్పు సుమారు 59 మిల్లీమీటర్లు. దాన్ని 75 మీదికి ఎక్కించాలంటే నాలుగో వంతుకు పైగా సాగాలి. సాగినకొద్దీ గోడ పలచబడుతుంది, వెడల్పు పెరిగింది కాబట్టి అదే నీళ్లు ఆ గోడను ఇంకా గట్టిగా తోస్తాయి. చదరపు సెంటీమీటరుకు 6 కిలోల ఒత్తిడి తట్టుకునే పైపు అక్కడ 4 కిలోల పైపు పాటి బలం కూడా చూపించదు. మోటారు వేసిన ఊపుకు చీలేది ముందు అక్కడే. ప్రెషర్ ఉన్న లైనులో సైజు మార్చడానికి మాత్రం రెడ్యూసరే వాడు.

63కి 63 తొడగడం వేరే సంగతి. నాలుగు మిల్లీమీటర్లు సాగితే చాలు, నిశ్చింతగా చేసుకో. లోపలికి వెళ్లే పైపు అంచును ఆకురాయితో బయటవైపు ఏటవాలుగా రాసి పెట్టుకో. పీవీసీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మంటలో పెట్టక్కర్లేదు. మనవాళ్లు గడ్డి అంటించి అందులోకి తోసేస్తారు. ఒకవైపు మాడుతుంది, రెండోవైపు పచ్చిగానే ఉంటుంది. నిప్పుల సెగకు జానెడు ఎత్తులో పట్టుకుని తిప్పుతూ ఉండు. బాగా కాగిన ఇసుకలో గుచ్చితే ఇంకా మేలు, చుట్టూ ఒకే తీరుగా వేడెక్కుతుంది. గోధుమరంగు తిరిగితే ఆ ముక్క కోసి పారెయ్. పొగ వస్తే దూరం జరుగు, అందులో ఆమ్లం ఉంటుంది, కళ్లూ గొంతూ మండిపోతాయి.

వేలితో నొక్కి చూడబోకు, కాలుతుంది. కర్రముక్కతో నొక్కితే అణిగిందా, రెండో పైపును నాలుగంగుళాలు తిన్నగా తోసి, తడిగుడ్డ చుట్టి చల్లారేదాకా కదపకు. వంకరపోతే కంగారొద్దు, మళ్లీ వేడిచేస్తే చాలావరకు పాత ఆకారానికే వచ్చేస్తుంది. అందుకే ఒకసారి కుదిరిన మూతి దగ్గర మళ్లీ సెగ పెట్టకూడదు.

చల్లారాక పైపు బయటికి లాగి, రెండువైపులా తుడిచి, సొల్యూషన్ (పీవీసీ జిగురు) రాసి అప్పుడు బిగించు. వేడి మీద సొల్యూషన్ రాయకు, దానికి ఇట్టే నిప్పంటుకుంటుంది.

మోటారుకు దించే నల్ల పైపు (హెచ్‌డీపీఈ) సంగతి కూడా అడిగావు. దానికి సొల్యూషన్ పట్టదు. మూతిని మరిగే నీళ్లలో కాసేపు ముంచి, నిపుల్ (పైపు తొడిగే గొట్టం ముక్క) మీదికి నెట్టి, క్లాంపులు రెండు వెయ్. చల్లారాక ఆ క్లాంపుల్ని ఇంకోసారి బిగించు.

అతికించిన లైనుకు ఒక రోజు ఆగి మోటారు వెయ్యి.

మామయ్య