షికాగో గొప్పదా, న్యూయార్క్ గొప్పదా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో అయిదింటికి జవాబులు ఇస్తున్నాం. అయిదూ విశాఖపట్నం పాఠకులవే, అయిదూ అమెరికా నగరాల ఆకాశహర్మ్యాల గురించినవే. పిల్లలు అక్కడ ఉండి తల్లిదండ్రులు ఇక్కడ ఉన్న ఊళ్లో ఇది ఆశ్చర్యపడవలసిన విషయం కాదు.

ప్రశ్న: మాస్టారూ, మా పెద్దమ్మాయి న్యూజెర్సీలోనూ, అబ్బాయి షికాగోలోనూ ఉంటున్నారు. వీడియో కాల్‌లో ఇద్దరూ కలిశారంటే మా ఊరు గొప్పంటే మా ఊరు గొప్పని వాదులాట మొదలవుతుంది. అమ్మాయి సాయంత్రం పూట హడ్సన్ నది ఒడ్డు నుంచి తీసిన మన్‌హటన్ ఫోటోలు పంపిస్తుంది. అబ్బాయి పొద్దున్నే మిషిగన్ సరస్సు ఒడ్డు నుంచి తీసినవి పంపిస్తాడు. నాకు రెండూ బాగానే ఉన్నాయి. తీర్పు మీరే చెప్పండి.
— ఒక గృహిణి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: ముందుగా మీ పిల్లలిద్దరూ ఫోటోలు తీయడం తెలిసినవాళ్లేనని చెప్పాలి. మన బీచ్ రోడ్డుకు సముద్రం తూర్పున ఉన్నట్టే షికాగోకు సరస్సు తూర్పున ఉంది కనుక, పొద్దుటి ఎండ నీళ్ల మీదుగా వచ్చి నేరుగా మేడల ముఖాల మీద పడుతుంది. న్యూజెర్సీ ఒడ్డు మన్‌హటన్‌కు పడమట ఉంది కనుక అక్కడ ఆ వెలుగు సాయంత్రం పూట వస్తుంది. అంటే ఎవరి ఊరిని వారు దానికి బాగా కలిసివచ్చే వేళలోనే చూపిస్తున్నారన్నమాట.

ఇక అసలు విషయానికి వస్తే, ఎత్తయిన కట్టడం అనే విద్యకు షికాగోను పుట్టిల్లుగా చెప్పుకోవడం రివాజు. 1871 అక్టోబరులో చెలరేగిన అగ్నిప్రమాదంలో ఆ ఊరి నడిబొడ్డు బూడిదైపోయింది. మళ్లీ కట్టుకోవలసి వచ్చినప్పుడు స్థలం ధర ఆకాశాన్ని అంటుతూ ఉండడం, లిఫ్టు అప్పటికే అందుబాటులోకి రావడం, ఇనుము, ఉక్కు చవక కావడం అన్నీ ఒక్కసారి కలిసివచ్చాయి. విలియం లె బారన్ జెన్నీ రూపకల్పన చేసిన పది అంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ భవనం 1885లో పూర్తయింది. బరువును గోడల మీద కాక ప్రధానంగా లోహపు చట్రం మీద నిలిపిన ఆ కట్టడాన్నే మొదటి ఆకాశహర్మ్యమని చాలామంది అంటారు, కాదనే న్యూయార్క్ అభిమానులూ ఉన్నారు. దానిని 1931లో పడగొట్టారు కనుక ఇప్పుడు చూడడానికి లేదు. చూడవలసింది 1891 నాటి మొనాడ్‌నాక్ భవనం. అది పాత పద్ధతిలో పదహారు అంతస్తుల బరువునూ ఇటుక గోడల మీదే మోస్తున్న మేడ. అందుకని కింది అంతస్తులో దాని గోడ మందం ఆరడుగులు. మన పాత బంగళాల కిటికీ గూట్లో పిల్లలు కూర్చుని చదువుకున్నట్టు, ఆ కిటికీ గూట్లో ఒక మనిషి కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. ఉక్కు చట్రం ఎందుకు వచ్చిందో చెప్పడానికి ఆ గోడ కంటే మంచి పాఠం లేదు.

మరి న్యూయార్క్ ఎలా ముందుకు వెళ్లింది? షికాగో పురపాలకులు 1893లో మేడల ఎత్తును 130 అడుగులకు కట్టడి చేశారు. ఆ పరిమితిని తరువాత పెంచుతూ, తగ్గిస్తూ వచ్చారు గాని, ఆ కాలంలోనే ఏ అడ్డూ లేని న్యూయార్క్ 1913 నాటికి 241 మీటర్ల వూల్‌వర్త్ భవనాన్ని కట్టేసింది. అడ్డు లేకపోవడం వల్ల వచ్చే చేటు 1915లో ఈక్విటబుల్ భవనం రూపంలో తెలిసివచ్చింది. స్థలాన్ని అంగుళం వదలకుండా, వీధి అంచు నుంచి నిటారుగా 38 అంతస్తులు లేపిన ఆ మేడ చుట్టుపక్కల వీధులను నీడలో ముంచింది. మరుసటి ఏడాదే, అంటే 1916లో, న్యూయార్క్ ఒక నిబంధన తెచ్చింది. దాని ప్రకారం వీధి వెడల్పును బట్టి కొంత ఎత్తు దాటాక మేడ వెనక్కి జరుగుతూ పోవాలి. స్థలంలో నాలుగో వంతు మీద మాత్రం ఎంత ఎత్తయినా లేపుకోవచ్చు. మనం ప్లాన్ అప్రూవల్‌లో సెట్‌బ్యాక్ అనేది, అంటే చుట్టూ వదలవలసిన ఖాళీ, నేల మీదే. అక్కడ అది ఆకాశంలో కూడా అన్నమాట. బొమ్మల కొలువు మెట్లలా అంచెలంచెలుగా సన్నబడుతూ పోయే ఆ పాత మన్‌హటన్ మేడల ఆకారాన్ని ఏ భవన శిల్పీ కలగనలేదు. దానిని గీసింది ఆ చట్టమే.

ఆ చట్టం లోపల ఎంత పోటీ నడిచిందో చెప్పే ముచ్చట ఒకటి ఉంది. 1929లో క్రైస్లర్ భవనమూ, 40 వాల్ స్ట్రీట్ అనే మరో మేడా ప్రపంచంలో అత్యున్నత భవనం బిరుదు కోసం పోటీపడుతున్నాయి. ఆ రెండు మేడల శిల్పులూ ఒకప్పటి భాగస్వాములే. క్రైస్లర్ శిల్పి విలియం వాన్ ఆలెన్, సుమారు 38 మీటర్ల ఉక్కు మొనను ముక్కలుగా తెప్పించి, ఎవరికీ తెలియకుండా మేడ లోపలే బిగింపజేసి, అక్టోబరులో ఒకనాడు గంటన్నరలో పైకి లేపి నిలబెట్టాడు. దానితో క్రైస్లర్ 319 మీటర్లయింది. 1930 మే నెలలో ప్రారంభమైన ఆ మేడ బిరుదును, 1931 మే 1న తెరిచిన 381 మీటర్ల ఎంపైర్ స్టేట్ భవనం ఎగరేసుకుపోయింది.

తీర్పు అడిగారు కనుక చెబుతున్నాను. ఒక్కొక్క మేడనూ విడిగా, తీరిగ్గా చూసేవారికి షికాగోయే గొప్పది. అక్కడ మేడకూ మేడకూ మధ్య గాలి ఆడుతుంది, ముందు సరస్సూ పార్కులూ ఉన్నాయి. ఆ ఒడ్డున కట్టడాలు కట్టకుండా ఖాళీగా ఉంచాలని 1836 నాటి పటంలోనే రాశారు. ఆ మాట నిలబెట్టడానికి మాంట్‌గామరీ వార్డ్ అనే వ్యాపారి రెండు దశాబ్దాల పాటు కోర్టులలో పోరాడాడు. మన బీచ్ రోడ్డు మీద తిరిగేవారికి ఆ పోరాటం విలువ వేరే చెప్పనక్కరలేదు. విడివిడిగా కాక అడవిలా, గుంపుగా చూస్తే మాత్రం న్యూయార్క్‌కు సాటి లేదు. నన్ను ఎంచుకోమంటే షికాగోనే ఎంచుకుంటాను. ఈ సంగతి మీ అమ్మాయికి చెప్పకండి.

ప్రశ్న: మన్‌హటన్ కింద గట్టి రాయి ఉండడం వల్లనే అక్కడ ఆకాశహర్మ్యాలు లేచాయని క్లాసులో చెప్పారు. నిజమేనా?
— సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థి, మధురవాడ

జవాబు: సగం నిజం. మన్‌హటన్ కింద శిస్ట్ అనే గట్టి శిల ఉన్నమాట వాస్తవమే. అయితే దక్షిణపు కొసనా, నడిమధ్యనా మేడలు గుంపులుగా లేచి, నడుమ తక్కువ ఎత్తు పేటలు మిగలడానికి ఆ శిల లోతే కారణమన్న వాదనను ఆర్థికవేత్తలు లెక్కలు తీసి ఖండించారు. వర్తకమూ, రైలు స్టేషన్లూ, జనవసతీ ఎటు నడిచాయో మేడలూ అటే నడిచాయని వారి మాట. అదీగాక, రాయే ముఖ్యమైతే షికాగోలో మేడలే లేవకూడదు.

షికాగో నేల మెత్తని బంకమట్టి. 1889లో కట్టిన ఆడిటోరియం భవనం ఆ మట్టిలోకి ఎగుడుదిగుడుగా కుంగింది, కొన్ని చోట్ల రెండడుగులకు పైగా దిగిపోయింది. దానికి విరుగుడుగా అక్కడివారు కనిపెట్టిన పద్ధతి మనకు కొత్తదిగా అనిపించదు, ఎందుకంటే అది నుయ్యి తవ్వడమే. మనిషి దిగి గుండ్రంగా తవ్వుకుంటూ పోతూ, మట్టి విరిగిపడకుండా చుట్టూ చెక్కలు నిలబెట్టి లోపలి నుంచి ఇనుప కడియాలు బిగించి, గట్టినేల తగిలాక ఆ గోతిని కాంక్రీటుతో నింపేవారు. షికాగోలో ఈ పద్ధతిని 1894 నాటి స్టాక్ ఎక్స్ఛేంజి భవనంతో మొదలుపెట్టారు.

రాతి దాకా వెళ్లకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి శాన్‌ఫ్రాన్సిస్కో మిలీనియం టవర్ ఉంది. 2009లో పూర్తయిన ఆ 58 అంతస్తుల మేడకు పునాదిగా నేలలోకి దించిన స్తంభాలు, అంటే పైల్స్, కింది శిలను చేరలేదు. మేడ కుంగి ఒక పక్కకు ఒరిగింది, తరువాత శిల దాకా కొత్త పైల్స్ దించి దానిని నిలబెట్టవలసి వచ్చింది. మన ఊళ్లో కొండ వాలున రాయి తగిలి, పోర్టు వైపు బురదనేల తగులుతుంది కనుక, ఈ మూడు ఊళ్ల పాఠాలనూ మీరు గాజువాక వెళ్లే బస్సు కిటికీలోంచే నెమరువేసుకోవచ్చు.

ప్రశ్న: షికాగోలోని విల్లిస్ టవర్ కంటే న్యూయార్క్‌లోని వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఎత్తయినదని ఎలా నిర్ణయించారు? నేను ఉక్కు కర్మాగారంలో ముప్ఫై ఏళ్లు పనిచేసినవాణ్ణి. పైకప్పు లెక్క చూస్తే విల్లిసే ఎత్తు కదా!
— విశ్రాంత ఉద్యోగి, ఉక్కునగరం

జవాబు: మీ లెక్క సరైనదే. విల్లిస్ పైకప్పు 442 మీటర్లు, న్యూయార్క్ మేడ పైకప్పు 417 మీటర్లు. అయితే రెండోదాని నెత్తిన ఉన్న మొనను కలిపితే 541 మీటర్లు, అంటే అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న సంవత్సరానికి గుర్తుగా 1776 అడుగులు. విల్లిస్ మీద ఉన్న యాంటెన్నాలు 527 మీటర్ల దాకా వెళతాయి గాని వాటిని లెక్కలోకి తీసుకోరు. ఎత్తయిన కట్టడాల కొలతలు నిర్ణయించే అంతర్జాతీయ మండలి, మొన కట్టడంలో భాగమని, యాంటెన్నా తగిలించిన పరికరమని వివరించి, 2013 నవంబరులో న్యూయార్క్ వైపు తీర్పు చెప్పింది. ఆ మండలి కార్యాలయం షికాగోలోనే ఉండడం ఇందులోని వింత. మన భాషలో చెప్పాలంటే కలశం గోపురంలో భాగమే, ఉత్సవానికి గోపురం మీద కట్టిన మైకు కాదు. తర్కం సరిపోయింది గాని, ఆ కలశం సన్నటి కమ్మీలా ఉంటే నమస్కరించడానికి నా చేతులు లేవవు.

మీరు ఉక్కు మనిషి కనుక ఇంకో లెక్క చెబుతాను. ఎంపైర్ స్టేట్ భవనానికి చదరపు మీటరుకు సుమారు 206 కిలోల ఉక్కు పట్టింది. 1969లో షికాగోలో లేచిన వంద అంతస్తుల జాన్ హాన్‌కాక్ సెంటర్‌కు సుమారు 145 కిలోలే పట్టింది. ఆ పొదుపు ఢాకాలో పుట్టిన ఇంజనీరు ఫజ్లూర్ రహమాన్ ఖాన్ చలవ. బరువునూ గాలి తోపునూ లోపలి స్తంభాల మీద కాక వెలుపలి చట్రం మీదికి నెట్టి, మేడను బోలు వెదురులా నిలబెట్టాడు. హాన్‌కాక్ ముఖాన కనిపించే పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు అలంకారం కాదు, గాలికి ఎదురునిలిచే ఉక్కు దూలాలే. విల్లిస్ టవర్‌లో ఆయనే 75 అడుగుల చదరపు గొట్టాలను తొమ్మిదింటిని కట్టగా కట్టి, పైకి పోయేకొద్దీ రెండేసి, మూడేసి చొప్పున ఆపేశాడు. 1998లో కౌలాలంపూర్ పెట్రోనాస్ జంట మేడలు వచ్చేదాకా అదే ప్రపంచంలో ఎత్తయినది. వాటినీ మొనల లెక్కతోనే గెలిపించారు.

ప్రశ్న: డాలస్, హ్యూస్టన్‌లలో ఏది అందమైనది? మా ఇంట్లో రెండు ఊళ్లకూ అల్లుళ్లు ఉన్నారు.
— ద్వారకానగర్

జవాబు: హ్యూస్టన్‌లో 1982 నాటి 75 అంతస్తుల, 305 మీటర్ల మేడ ఉంది, ఐ.ఎం.పేయి దాని శిల్పి. డాలస్‌లో రాత్రిపూట ఆకుపచ్చ దీపాల అంచుతో మెరిసే 72 అంతస్తుల మేడ 281 మీటర్లు. హ్యూస్టన్‌లో ఏ పేటలో ఏమి కట్టవచ్చో చెప్పే జోనింగ్ చట్టం లేదు కనుక మేడలు నాలుగు దిక్కులా విడివిడి గుంపులుగా లేచాయి, డాలస్ ఒక చోట కుదురుగా కనిపిస్తుంది. రెండూ కారు అద్దంలోంచి చూడడానికే బాగుంటాయి. నడివీధిలో దిగి నడిస్తే ఎండకు జడిసిన జనం నేలకింది సొరంగాలలో ఉంటారు. అల్లుళ్ల విషయంలో ఇంతకుమించి చెప్పలేను.

ప్రశ్న: సెంట్రల్ పార్క్ పక్కన అగరువత్తుల్లా లేచిన మేడలకు అంత ఎత్తుకు అనుమతి ఎలా వచ్చింది? ఈ సెలవుల్లో వెళుతున్నాను, ఏవి చూడమంటారు?
— ఆర్కిటెక్చర్ విద్యార్థిని, సిరిపురం

జవాబు: మన ఊళ్లో రోడ్డు విస్తరణలో స్థలం పోయినవారికి, వేరేచోట అదనంగా కట్టుకునే హక్కుగా అమ్ముకోదగ్గ టీడీఆర్ బాండ్లు ఇస్తారు కదా, న్యూయార్క్‌లో దానికి దగ్గరి బంధువు ఉంది. పక్కనున్న పొట్టి భవనాలవారు తాము వాడుకోని ఎత్తును, అంటే తమ నెత్తిమీది ఖాళీ గాలిని, అమ్ముకోవచ్చు. ఇరుగుపొరుగు నుంచి అలా కొన్నదంతా చిన్న స్థలం మీద పేర్చినందువల్ల ఆ వత్తులు పుట్టాయి. వెస్ట్ 57వ వీధిలోని 111వ నంబరు మేడ ఎత్తు 435 మీటర్లు, వెడల్పు సుమారు 18 మీటర్లే. గాలికి ఊగకుండా ఉండడానికి పై అంతస్తులలో వందల టన్నుల బరువును వేలాడదీశారు. 432 పార్క్ అవెన్యూలోనైతే కొన్నికొన్ని అంతస్తులకొకసారి గాలి దూసుకుపోయేలా అంతస్తులనే ఖాళీగా వదిలారు. హుద్‌హుద్ నాడు కిటికీ అద్దాలు పోగొట్టుకున్న మనకు ఆ ఖాళీ అంతస్తుల అర్థం తేలికగా తెలుస్తుంది. ఇంజనీరింగ్ పరంగా అవి అద్భుతాలే గాని, కొద్దిమంది ధనవంతుల కోసం ఊరందరి పార్కు మీద నీడ పరచడం నాకు నచ్చదు.

న్యూయార్క్‌లో డబ్బు ఖర్చు పెట్టకండి. స్టాటెన్ ఐలండ్ ఫెర్రీ ఉచితం, వచ్చేటప్పుడు ముందుభాగంలో నిలబడితే చాలు. షికాగోలో మాత్రం నది మీద పడవ టికెట్టు కొనండి. అదే నది ఒడ్డున 1925 నాటి ట్రిబ్యూన్ టవర్ దగ్గర దిగి, దాని కింది గోడను తడిమి చూడండి. ప్రపంచంలోని ప్రసిద్ధ కట్టడాల నుంచి తెచ్చిన రాతిముక్కలను వాటి పేర్లతో సహా ఆ గోడలో పొదిగారు. వాటిలో తాజ్ మహల్‌ది కూడా ఒకటి ఉంది, వెతుక్కోండి.