గుడ్లు ఏ వేళకు పోతున్నాయో ముందు తేల్చుకోండి

ప్రశ్న: నూజివీడు దగ్గర మా మామిడి తోటలో చిన్న షెడ్డు వేసి 40 గ్రామప్రియ కోళ్లు (పెరట్లో పెంచుకునే మేలు రకం), ఓ పది నాటుకోళ్లు పెంచుతున్నాను. పగలు తోటలో వదిలేస్తాం. నెల రోజులుగా రోజూ ఐదారు గుడ్లు తక్కువ వస్తున్నాయి. కోళ్లకు మాత్రం ఏమీ కావడం లేదు. కంచె పక్క తుప్పల కింద ఖాళీ పెంకులు దొరికాయి, దాణా గదిలో పాము కుబుసం కనిపించింది. మా నాన్న ఉడుము అంటారు, పాలేరు పాము అంటాడు. గుడ్డులో గుళికల మందు పెట్టి వదిలితే పీడ విరగడ అవుతుందని పక్క తోట ఆయన చెబుతున్నాడు. పెట్టమంటారా?

జవాబు: పెట్టొద్దండీ. ముందు ఆ మాట చెప్పేసి మిగతాది మాట్లాడుకుందాం. మందు పెట్టిన గుడ్డును దొంగే తింటుందని రాసి ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. మీ కుక్క తినొచ్చు, మీ కోళ్లే పొడవొచ్చు, తోటలో ఆడుకునే పిల్లాడు చేతిలోకి తీసుకోవచ్చు. పైగా ముంగిస, ఉడుము, నాగుపాము ఇవన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవే. ఉడుము మొదటి షెడ్యూల్లో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది, దాన్ని చంపి దొరికితే కనీసం 3 ఏళ్ల జైలు. ఐదారు గుడ్ల కోసం ఆ టెన్షన్ అవసరమా?

అసలు మీరు రాసిన దాంట్లో ఒక సంగతి లేదు, గుడ్లు పోయేది పగలా రాత్రా అన్నది. సగం జవాబు అందులోనే ఉంది. కోళ్లు ఎక్కువగా ఉదయం నుంచి మధ్యాహ్నం లోపే పెడతాయి. అందుకని మీరు ఉదయం 10కి ఒకసారి, మధ్యాహ్నం 1కి ఒకసారి, సాయంత్రం గూడు మూసేముందు ఒకసారి గుడ్లు ఏరి, ప్రతిసారీ లెక్క రాసుకోండి. సాయంత్రానికి గూట్లో ఒక్క గుడ్డు కూడా మిగలకుండా తీసేసినా లెక్క తగ్గుతూనే ఉంటే దొంగ పగటిపూట వచ్చేదే, అంటే ముంగిసో, ఉడుమో, కాకో, లేదంటే మీ కోళ్లే. అలా తీసేశాక లెక్క సరిపోతే మాత్రం ఇన్నాళ్లూ గూట్లో మిగిలిన గుడ్లు రాత్రిపూట పోతున్నట్టు, అప్పుడు పామునో, పునుగు పిల్లినో, పందికొక్కునో అనుమానించాలి.

ఇక పెంకులు. మీకు దొరికిన ఆధారాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. పాము గుడ్డును మొత్తంగా మింగేస్తుంది, పెంకు ముక్క కూడా వదలదు. కాబట్టి తుప్పల కింద పెంకులు పాము పని కావు, పాలేరు మాట అక్కడికి కొట్టేయొచ్చు. ఉడుము చిన్న గుడ్లను మింగేస్తుంది, పగలగొట్టినా చాలాసార్లు గూట్లోనే సొన పారబోసి గలీజు చేసి పోతుంది. ముంగిస అలా కాదు, ఒక్కో గుడ్డు పట్టుకెళ్లి తనకు నచ్చిన చాటు చోట కూర్చుని, ఒక చివర కొరికి బొక్క పెట్టి నాకేస్తుంది, పెంకు గట్టిగా ఉంటే రాయికేసి కొడుతుంది, రోజూ అదే చోటికి వెళ్తుంది గనక పెంకులు ఒకే తుప్ప కింద పోగవుతాయి. ఇప్పుడు ఆ పెంకులు మళ్లీ చూడండి. బొక్క చివర ఉండి అంచులు ఎగుడుదిగుడుగా ఉంటే ముంగిస. పక్క భాగంలో ముక్కుతో పొడిచినట్టు లోపలికి విరిగి ఉంటే కాకి. మీ కోళ్లు క్షేమంగా ఉండటం, పెంకులు కంచె దగ్గర దొరకడం చూస్తే నా అనుమానం తొంభై పాళ్లు ముంగిస మీదే. జంగుపిల్లో (అడవి పిల్లి) నక్కో అయితే గుడ్లతో ఆగదు, కోడినే ఎత్తుకుపోతుంది.

రుజువు కావాలంటే తేలికే. జల్లెడ పట్టిన బూడిదో మెత్తటి మట్టో గుడ్ల పెట్టెల ముందు, గూటి అడుగున ఉన్న సందుల దగ్గర పలచగా చల్లండి. సున్నం వద్దు, కోళ్ల పాదాలు పొక్కుతాయి. ముంగిస అడుగులో అయిదు వేళ్లు, ముందు గోళ్ల గుర్తులు కనిపిస్తాయి. పిల్లి జాతివైతే నాలుగు వేళ్లే, గుండ్రంగా ఉంటాయి, గోళ్లు పడవు. కుక్క, నక్కలకు నాలుగు వేళ్లు, గోళ్లతో సహా. ఉడుము పాదాలు పక్కలకు పరుచుకుని ఉంటాయి, మధ్యలో తోక ఈడ్చిన గీత ఉంటుంది. పాము సంగతి చెప్పక్కర్లేదు. ఇంట్లో వైఫై ఉంటే రాత్రి కూడా కనిపించే చిన్న కెమెరా ఒకటి పెట్టెల వైపు తిప్పి పెట్టినా సరిపోతుంది.

అయితే అన్ని గుడ్లూ దొంగ ఖాతాలో వేయకండి. తోటలో తిరిగే కోళ్లు, ముఖ్యంగా ఆ నాటుకోళ్లు, తుప్పల్లో గడ్డిలో చాటుగా పెట్టడం మామూలే. ఓ వారం పాటు ఉదయం 11 దాకా గూట్లోనే ఉంచి తర్వాత వదిలి చూడండి, లెక్క పెరిగితే మీకే అర్థమవుతుంది. ఈకలు రాల్చే కాలంలో గుడ్లు ఎలాగూ తగ్గుతాయి. పెట్టెలో పొట్టు తడిగా ఉండి, పెంకు ముక్కలు అంటుకుని, మిగతా గుడ్ల మీద సొన పూసుకుని ఉంటే, ఏదో ఒక కోడే తింటోంది. తవుడు, నూకలతో గడిపే కోళ్లకు కాల్షియం చాలక పెంకు పలచనై, గుడ్డు పగిలి, రుచి మరుగుతాయి. ఆల్చిప్పల పొడి విడిగా ఒక మూకుడులో పెట్టండి. గుడ్డులో కారం నింపి పెడితే మానేస్తాయంటారు గానీ, పక్షులకు మిరప ఘాటు తెలియదు, ఆ కారం దండగ.

మరి కుబుసం? అది వేరే కేసు. పాము దాణా గదికి వచ్చింది ఎక్కువగా ఎలుకల కోసమే, ముంగిస ఉన్నచోట పాము రాదనే మాటను నమ్ముకోకండి. దాణా బస్తాలు నేల మీద వదలకుండా మూతున్న డ్రమ్ముల్లో పోయండి, పందికొక్కుల బొరియలు కంకర సిమెంటుతో పూడ్చండి. చీకట్లో గుడ్ల పెట్టెలో చెయ్యి పెట్టడం ఈరోజే మానేయండి, టార్చి వేసి కర్రతో కదిపి చూశాకే తీయాలి. నాగుపాము కూడా గుడ్లకు వస్తుంది. కరిస్తే కట్లు కట్టడం, కోయడం, మంత్రం ఏదీ వద్దు, నేరుగా ఆసుపత్రికి. పాము కనిపిస్తే కొట్టకండి, అటవీ శాఖకో పాములు పట్టేవాళ్లకో ఫోన్ చేయండి.

ముంగిస రాకుండా చేయాల్సింది గూటికే. మామూలు కోళ్ల జాలీలో అంగుళం సందు ఉంటుంది, చిన్న పాము దూరిపోతుంది. కింద రెండడుగుల మేర అరంగుళం సందున్న వెల్డింగ్ మెష్ బిగించి, దాని అంచును అడుగు లోతున పాతి, బయటి వైపుకు ఓ అడుగు మడవండి. తవ్వేది ఆ మడత మీదే తవ్వి విసిగి పోతుంది. చేపల వల మాత్రం కట్టకండి, పాములు అందులో చిక్కుకుని మీకే ప్రమాదం. పెట్టెల అడుగు కాస్త ఏటవాలుగా చేసి గుడ్డు వెనక మూతున్న అరలోకి దొర్లేలా పెడితే ముంగిసకూ అందదు, కోడి ముక్కుకూ అందదు. కోళ్లను మోసగించడానికి కొందరు ప్లాస్టర్ గుడ్లు పెడతారు, మీ దగ్గర పాము తిరుగుతోంది గనక అవి వద్దు, మింగి చస్తుంది. ముంగిసను చేత్తో పట్టే ప్రయత్నం చేయకండి, కరిస్తే రేబిస్ టీకా వేయించుకోవాల్సి వస్తుంది.

వారం లెక్క రాసి, బూడిదలో పడ్డ అడుగు పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీసి పంపండి. ఉడుము తోక గీత గనక కనిపిస్తే మీ నాన్నగారి మాటే నిజమని చెప్పండి.